కిరాయి గోడ మీద మా పేరు

అమీర్‌పేటలో గది కోసం తిరిగిన ముస్లిం పిల్లవాడెవడికైనా ఒక సంగతి తెలుసు. మైత్రీవనం చుట్టుపక్కల గల్లీల్లో గేటుకో టు-లెట్ బోర్డు వేలాడుతుంటుంది. గది ఖాళీగానే ఉంటుంది. కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, నీళ్ళెప్పుడొస్తాయి... అన్నీ మాట్లాడుకున్నాక ఇంటాయన చివర్లో అడుగుతాడు, "పేరేంటి బాబూ?" అని. పేరు చెప్పగానే ఆ గదిలోకి ఊరి నుంచి ఎవరో బంధువులు వచ్చేస్తారు. మాలో కొందరం కంప్యూటర్ కోర్సు పూర్తయ్యేదాకా ఈ గల్లీల్లో 'బాబు'గా, 'రాజు'గా బతికాం. సొంత పేరుతో బతకడం ఎంత ఖరీదైన పనో మాకు అక్కడే తెలిసింది.

ఐతే ఆ గల్లీల పేర్లు ఒకసారి చూడండి. అమీర్‌పేటలో అమీర్ ఉన్నాడు, పేటా ఉంది. పంజాగుట్టలో పంజా ఫార్సీ నుంచి ఉర్దూలోకొచ్చిన మాట, గుట్ట అచ్చమైన తెలుగు. రెండు భాషలు ఒక్క మాటలో కాపురం చేస్తున్న చోట ముస్లిం పేరున్నవాడికి గది దొరకదు. మా అస్తిత్వ సమస్య ఏమిటని అడిగే సెక్యులర్ మిత్రులకు ఇంతకంటే సులువుగా మేం చెప్పలేం.

గది దొరకని మాకు ఒకనాడు గోడ దొరికింది. ఆ గోడ పేరు ట్విట్టర్. అక్కడ అడ్వాన్సు అడగలేదు. పేరు చెప్పినా గేటు వెయ్యలేదు. సలీం అని రాసుకున్నా, షాజహానా అని రాసుకున్నా గోడ మీద జాగా ఇచ్చారు. పత్రికల్లో ఉత్తరాల శీర్షికలో నాలుగు లైన్లకు నోచుకోని మేము ఆ గోడ మీద మంత్రిని నిలదీశాం, సంపాదకుణ్ణి ప్రశ్నించాం. 2019 ఏప్రిల్‌లో, సరిగ్గా అంబేద్కర్ జయంతి ముందు, పంజాగుట్ట చౌరస్తాలో పెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని తీసి లారీలో తరలించినప్పుడు ఆ దృశ్యాలు పత్రిక అచ్చయ్యేదాకా ఆగలేదు. ఫోను నుంచి ఫోనుకు పాకాయి. 2021 కరోనా రెండో వేవులో పంజాగుట్ట నిమ్స్ ముందు నిలబడి మాలో చాలామంది రెమ్‌డెసివిర్ కోసం, ఆక్సిజన్ కోసం, ప్లాస్మా కోసం రాసింది ఆ గోడ మీదే. అవతల సాయం అడిగేవాడి పేరు రాములా, రహీమా అని ఆ నాలుగు వారాలూ ఎవరూ అడగలేదు.

ఆ గోడ 2022 అక్టోబరు 27న చేతులు మారింది. ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కున్నాడు. అప్పటి నుంచీ సెక్యులర్ మిత్రులు బాధపడుతున్నారు. మంచి చోటు పాడైపోయిందంటున్నారు. ఆ బాధలో నిజముంది. కానీ మాకు కనిపించే నిజం దానికి ఇంకొంచెం అవతల ఉంది. ఇంటాయన మారాడని మిత్రులు బాధపడుతున్నారు. ఇంటికి ఇంటాయన ఒకడున్నాడని ఇన్నాళ్ళూ మరిచిపోయినందుకు మేము సిగ్గుపడుతున్నాం. ఈ వ్యాసం ఆ సిగ్గు గురించే.

పాత ఇంటాయన సత్తెకాలపు మనిషేం కాదు. 2020 మార్చి 30న, ఢిల్లీ మర్కజ్‌కు వెళ్ళొచ్చినవాళ్ళలో ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికే ట్విట్టర్‌లో 'కరోనా జిహాద్' అనే మాట పరుగులు తీస్తోంది. మార్చి 28 నుంచి వారం తిరక్కుండానే ఆ మాట దాదాపు 3 లక్షల సార్లు కనిపించిందని ఏప్రిల్ మొదట్లో టైమ్ పత్రిక రాసింది. అది మస్క్ కాలం కాదు, జాక్ డోర్సీ కాలం. ఆ రోజుల్లో తోపుడుబండి మీద కూరగాయలమ్మేవాడిని కూడా పేరడిగి కొన్నారు. గల్లీలో ఇంటాయన అడిగే ప్రశ్నే దేశమంతా అడగడం మొదలైంది. దానికి మైకు అందించింది ఆ గోడే.

2018 నవంబరులో డోర్సీ ఢిల్లీ వచ్చినప్పుడు దళిత కార్యకర్త సంఘపాలి అరుణ ఒక పోస్టర్ చేతికిచ్చింది. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూలదొయ్యమని దాని మీద రాసి ఉంది. అతను దాన్ని పట్టుకుని దిగిన ఫోటో బయటికి రాగానే అగ్రవర్ణాలు భగ్గుమన్నాయి. కంపెనీ గడగడలాడింది. పోస్టర్ తమ అభిప్రాయం కాదని చెప్పుకుంది. క్షమాపణ చెప్పిన పెద్ద అధికారి పేరు విజయ గద్దె.

ఈ పేరు దగ్గర తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. విజయ గద్దె హైదరాబాద్‌లో పుట్టింది. మూడేళ్ళ వయసులో అమెరికా వెళ్ళింది. టెక్సాస్‌లో వాళ్ళ నాన్న ఇంటింటికీ తిరిగి ఇన్సూరెన్సు సొమ్ము వసూలు చేసుకోవాలంటే, ముందు ఆ ఊరి కూ క్లక్స్ క్లాన్ నాయకుడి అనుమతి తెచ్చుకోవలసి వచ్చిందని ఆమె గురించి రాసిన పత్రికల్లో వచ్చింది. గేటు ముందు నిలబడి పేరు చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఆ కుటుంబానికీ తెలుసన్నమాట. ఆమె 2011లో ట్విట్టర్‌లో చేరి, న్యాయ వ్యవహారాల పెద్దగా ఎదిగింది. 2021 జనవరి 8న ట్రంప్ ఖాతాను తీసేసిన నిర్ణయం వెనక ఆమె ఉంది. అప్పుడు తెలుగు పత్రికలన్నీ ఆమెను మన బిడ్డ అని మెచ్చుకున్నాయి. 2022 ఏప్రిల్‌లో, కొనుగోలు ఒప్పందం కుదిరిన రోజుల్లోనే, మస్క్ ఆమె నిర్ణయాలను అదే గోడ మీద బహిరంగంగా తప్పుపట్టాడు. వెనకాలే గుంపు విరుచుకుపడింది. ఆమె రంగునీ పుట్టుకనీ తిట్టింది. అక్టోబరులో కంపెనీ చేతికొచ్చిన రోజే పరాగ్ అగ్రవాల్‌తో పాటు ఆమెనూ పంపించేశాడు.

దళితుల పోస్టర్‌కు క్షమాపణ చెప్పిందీ ఆమే. జాత్యహంకారుల తిట్లు తిన్నదీ ఆమే. 'మన తెలుగు బిడ్డ' అనే మాట ఈ రెంటిలో దేన్నీ వివరించదు. కంపెనీ పెద్ద కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె పైకులాలకు జవాబు చెప్పుకుంది. ఆ కుర్చీ ఊడే రోజు వచ్చేసరికి తనే గోడ కింద నిలబడింది. ఎవరు ఏ పక్కన ఉన్నారన్నది పుట్టిన ఊరిని బట్టి కాక, ఆ క్షణాన గోడ ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి తేలుతోంది.

నీలి టిక్కు కథ కూడా ఇలాంటిదే. ఫలానా మనిషి నిజంగా ఫలానానే అని కంపెనీ వేసే ముద్ర అది. ఆ ముద్ర ఎవరికి వేస్తున్నారు? 2019 నవంబరులో ప్రొఫెసర్ దిలీప్ మండల్ ఖాతా మీద ఆంక్ష పెట్టినప్పుడు దళిత బహుజనులు ఇదే ప్రశ్న వేశారు. టిక్కులన్నీ అగ్రవర్ణాలకేనా అన్నారు. భారతదేశంలో టిక్కులన్నిటినీ రద్దు చెయ్యమన్నారు. కంపెనీ కులం చూడమని జవాబిచ్చింది. కులం చూడమని చెప్పేవాళ్ళు కులాన్ని ఎంత బాగా చూస్తారో మాకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

మస్క్ వచ్చాక ఏమన్నాడు? ఈ టిక్కు పద్ధతి దొరలూ రైతుల వ్యవస్థలా ఉందన్నాడు! అచ్చంగా మా మాటే. అణగారినవాళ్ళ ఫిర్యాదును అప్పనంగా ఎత్తుకుని, దానికి నెలకు 8 డాలర్లు ధర కట్టాడు. భారతదేశంలో 2023 ఫిబ్రవరిలో పెట్టిన ధర ఫోనులో ఐతే నెలకు 900 రూపాయలు. ఆ ఏప్రిల్ 20న పాత టిక్కులన్నీ ఊడబీకారు. దొరతనం పోయిందా? పోలేదు. ఇనాముగా వచ్చే దొరతనం పోయి, వేలంపాటలో కొనుక్కునే దొరతనం వచ్చింది. డబ్బు కట్టినవాడి జవాబు పైన కనిపిస్తుంది, కట్టనివాడిది అట్టడుక్కి పోతుంది.

అసలు ముద్ర అర్థమే తలకిందులైంది. 2022 నవంబరులో ఎవరో 8 డాలర్లు కట్టి ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో టిక్కు తెచ్చుకుని, ఇన్సులిన్ ఇక ఉచితం అని ప్రకటించారు. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ప్రపంచం దాన్ని జోకుగా నవ్వుకుంది. మాకు నవ్వు రాలేదు. పౌరసత్వ చట్టం మీద, పౌర పట్టిక మీద 2019, 2020లలో రోడ్లెక్కిన జనం మేం. తాతల కాగితాలు వెతుక్కున్న జనం మేం. నువ్వు నువ్వేనని రుజువేమిటి అన్న ప్రశ్న మాకు బతుకు ప్రశ్న. ఆ రుజువును అక్కడ కిరాణా కొట్టులో సబ్బులా అమ్మకానికి పెట్టారు.

దొంగపేర్లు కొత్త ఇంటాయన కనిపెట్టినవేం కాదు. 2021 జులైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అనే యాప్‌లలో ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి వేలం వేస్తున్నట్టు ఆట ఆడారు. అవి నడిచింది గిట్‌హబ్‌లో. దాన్ని 2018లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. మైక్రోసాఫ్ట్ పెద్ద సత్య నాదెళ్ళ చదువుకున్న హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అమీర్‌పేట పక్కనే బేగంపేటలో ఉంది. ఇది ఆయన తప్పని మేం అనడం లేదు. యాప్‌లను తీసేశారు కూడా. మా ఊరి చదువు, మా గల్లీలో నేర్పే కోడు ఎంత దూరం వెళ్ళాయో, అంత దూరమూ మా ఆడవాళ్ళ మీది ద్వేషం వెంటాడి వెళ్ళిందని మాత్రమే అంటున్నాం. పట్టుబడినవాళ్ళలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. ఆ యాప్‌ను ట్విట్టర్‌లో ప్రచారం చెయ్యడానికి సిక్కుల పేర్లు పెట్టుకున్నారని ముంబాయి పోలీసులు చెప్పారు. మేము గది కోసం పేరు దాచుకున్నాం. వాళ్ళు మమ్మల్ని వేలం వెయ్యడానికి పేరు మార్చుకున్నారు.

ఐతే ఆనాడు ఆ పని చెయ్యడానికి ఒక విద్యార్థి కూర్చుని కోడు రాయవలసి వచ్చింది. 2025 డిసెంబరు చివర్లో, 2026 జనవరిలో కంపెనీ సొంత యంత్రం గ్రోక్ ఆ శ్రమ కూడా లేకుండా చేసింది. ఎవరి ఫోటో ఇచ్చినా బట్టలూడదీసి చూపించింది. జనవరి 2న భారత ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. కంపెనీ మొదట చేసిందేమిటో తెలుసా? బొమ్మలు మార్చే ఆ సౌకర్యాన్ని డబ్బు కట్టినవాళ్ళకు పరిమితం చేసింది! లోకం మళ్ళీ అరిచాక గానీ తలుపు ఇంకొంచెం మూసుకోలేదు. ద్వేషం ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. మధ్యలో మారిందేమిటంటే దానికొక ధర వచ్చింది, ఒక యంత్రం వచ్చింది.

మారినవి ఇంకా ఉన్నాయి. వచ్చిన వారంలోనే దాదాపు 7,500 మంది ఉద్యోగుల్లో సగాన్ని తీసేశాడు. భారతదేశంలో రెండొందల మందికి పైగా ఉండేవాళ్ళు, కొద్దిమంది మిగిలారు. తిట్టు ఏ భాషలోదో, ఏ పలుకుబడిలో ఎవరిని గుచ్చుతుందో యంత్రానికి తెలియదు. తెలిసిన మనుషులు పోయారు. ద్వేషం, వేధింపుల విషయంలో సలహాలిచ్చే బయటి నిపుణుల మండలిని 2022 డిసెంబరు 12న రద్దు చేశారు. తీసేసిన ఖాతాలకు క్షమాభిక్ష పెట్టారు. ట్రంప్ తిరిగొచ్చాడు. 2021లో తీసేసిన కంగనా రనౌత్ ఖాతా 2023 జనవరిలో తిరిగొచ్చింది. 2023 జులై నుంచి ప్రకటనల ఆదాయంలో వాటా పంచడం మొదలైంది. మొదట ఆ వాటాను పోస్టు కింద జవాబుల మధ్య కనిపించే ప్రకటనలను బట్టి లెక్కగట్టారు. అంటే ఎంత రెచ్చగొడితే అన్ని జవాబులు, ఎన్ని జవాబులుంటే అంత సొమ్ము. పూర్వం మమ్మల్ని తిట్టేవాడు ఉచితంగా తిట్టేవాడు. ఇప్పుడు జీతం తీసుకుని తిడతాడు.

ఇదంతా భావప్రకటనా స్వేచ్ఛ అంటాడు కొత్త ఇంటాయన. మాట్లాడే స్వేచ్ఛ ఉంటుంది, పదిమందికీ చేరే స్వేచ్ఛకు మాత్రం హామీ లేదని 2022 నవంబరులో తన విధానాన్ని చెప్పాడు. ఈ మాట చదివి మాకు నవ్వొచ్చింది. మాకు ఈ దేశంలో ఎప్పుడూ ఉన్న స్వేచ్ఛ అదే కదా! రాసుకోండి, ఎవరూ అచ్చువెయ్యరు. అచ్చువేసుకోండి, ఎవరూ సమీక్షించరు. చేరని మాటను స్వేచ్ఛ అని పిలవడం మాకు బాగా అలవాటైన ఎత్తుగడ.

ఆ స్వేచ్ఛకైనా హద్దు ఉంది. అదే డిసెంబరులో మస్క్ గురించి వార్తలు రాసే కొందరు జర్నలిస్టుల ఖాతాలను ఆపేశారు. ప్రభుత్వంతో వ్యవహారమూ అంతే. ఖాతాలు మూసెయ్యమన్న కేంద్రం ఆదేశాలను ప్రశ్నిస్తూ పాత కంపెనీ 2022 జులైలో కర్ణాటక హైకోర్టుకు వెళ్ళింది. 2023 జూన్ 30న ఆ పిటిషన్ కొట్టేసి 50 లక్షల జరిమానా వేశారు. ఈలోగా 2023 జనవరిలో, 2002 గుజరాత్ మారణకాండ మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీ లింకులు ఆ గోడ మీంచి మాయమయ్యాయి. తన ఉద్యోగులు జైలుకు పోవడం కంటే చట్టాన్ని పాటించడం మేలని మస్క్ ఆ ఏప్రిల్‌లో బీబీసీకే చెప్పాడు. 2025లో కంపెనీ మళ్ళీ 'సహయోగ్' పోర్టల్ మీద కోర్టుకెళ్ళింది, సెప్టెంబరు 24న ఓడింది. కాబట్టి మస్క్ ప్రభుత్వానికి పూర్తిగా లొంగాడనడం కూడా అబద్ధమే. అతను తన అధికారం కోసం పోట్లాడుతున్నాడు. ఆ పోట్లాటలో మేము కక్షిదారులం కాము. సాక్షులం కూడా కాము.

అతని మనసు ఎటుందో 2024లో తేలిపోయింది. జులై 29న ఇంగ్లాండులో సౌత్‌పోర్ట్ అనే ఊళ్ళో ముగ్గురు చిన్నపిల్లల్ని ఒకడు పొడిచి చంపాడు. వాడు ముస్లిం శరణార్థి అని ఒక కట్టుపేరు ఆ గోడ మీద అంటుకుంది. వాడు ముస్లిం కాడు, శరణార్థీ కాడు. కానీ మర్నాడే ఆ ఊరి మసీదు మీద రాళ్ళు పడ్డాయి. ఊరూరా అల్లర్లు చెలరేగుతుంటే ఇంటాయన స్వయంగా వచ్చి అంతర్యుద్ధం తప్పదని రాశాడు. కట్టుపేరు నుంచి మసీదు గోడకు పట్టింది ఒక్క రోజు. ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని అది చదివిన మాకు ఒళ్ళు జలదరించింది. ఎక్కడో ఇంగ్లాండు కదా అనుకోలేకపోయాం. ఊరు మారినా స్క్రిప్టు అదే.

మరేం చెయ్యాలి? వెళ్ళిపొమ్మంటున్నారు సెక్యులర్ మిత్రులు. చాలామంది వెళ్ళిపోయారు కూడా, శుభ్రమైన కొత్త ఇళ్ళు వెతుక్కుని. వాళ్ళ నిజాయితీని మేం శంకించడం లేదు. కానీ ఏ గల్లీలోనైనా గది దొరికేవాడికే ఇల్లు ఖాళీ చెయ్యడం సులువు. మీరు వెళ్ళిపోయాక ఆ గోడ మీద మా పేర్లు తిట్లతో సహా అలాగే ఉంటాయి. వాటికి జవాబు చెప్పే గొంతు ఒకటి తగ్గుతుంది.

అట్లాగని ఉండిపొమ్మనీ మేం అనం. మా తప్పు మేం ఒప్పుకోవాలి. ఆ గోడ మీద ముస్లింల తరఫున మాట్లాడింది ఎక్కువగా ఎవరు? ఇంగ్లీషు చక్కగా వచ్చినవాళ్ళు, పెద్ద ఖాందాన్ల వాళ్ళు. దూదేకుల సాయిబుల మాట, పకీర్ల మాట, తెలుగులో తప్ప ఏడవలేని పల్లెటూరి బీబీల మాట అక్కడా వినపడలేదు. వాళ్ళ గురించి అడిగితే ముందు బయటి శత్రువు సంగతి చూద్దామన్నాం. దళితులు టిక్కుల్లో కులాన్ని ప్రశ్నించినప్పుడు మాలో ఎంతమందిమి వాళ్ళ పక్కన నిలబడ్డాం? మాకూ ఆ ముద్ర మీద ఆశ ఉండింది. పదివేల మంది వెంట వస్తుంటే గోడను సొంతిల్లనుకున్నాం. సొంత పత్రిక పెట్టే ఓపిక తగ్గింది. పుస్తకం వేసే పట్టుదల తగ్గింది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్జలా' వచ్చింది. వాటిని ఎంతమంది చూశారని లెక్కపెట్టే యంత్రం అప్పుడు లేదు. కానీ అచ్చైన ఆ కాగితాన్ని ఈ రోజు ఎవరు కొనుక్కున్నా అందులోంచి ఒక్క పేరు తీసెయ్యలేరు. ఒక్క పాదాన్ని అట్టడుక్కి తొయ్యలేరు. మేం గోడలను వదలమనడం లేదు. కిరాయి గోడ మీద రాస్తున్నామన్న స్పృహతో రాద్దాం, రాసింది ఇంటికి తెచ్చుకుని దాచుకుందాం, అచ్చువేసుకుందాం అంటున్నాం.

చివరగా పేరు గురించే ఒక మాట. 2023 జులైలో మస్క్ పిట్టను దించేసి దాని జాగాలో ఒక అక్షరం పెట్టాడు. కొన్నవాడు పేరు మారుస్తాడు. అధికారం వచ్చినవాడూ మారుస్తాడు. 2018లో అలహాబాద్ పోయింది, 2023లో ఔరంగాబాద్ పోయింది. హైదరాబాద్‌ను భాగ్యనగర్ చేస్తామని 2020 గ్రేటర్ ఎన్నికల ప్రచారానికొచ్చి యోగి ఆదిత్యనాథ్ చెప్పిపోయాడు. పేరు మార్చడమంటే ఇక్కడ ఇదివరకు ఎవరున్నారో మరిచిపొమ్మని చెప్పడమే.

కానీ జనం నోరు అంత తొందరగా మారదు. ఈనాటికీ అమీర్‌పేట మెట్రో మెట్ల మీద కుర్రాళ్ళు దాన్ని ట్విట్టర్ అనే అంటున్నారు. పంజాగుట్టను ఎవరూ ఇంకో పేరుతో పిలవడం లేదు. గుట్ట ఎవరి పేరున రిజిస్టరైందో వాళ్ళకు తెలియదు. ఆ పంజా ఎవరిదో కూడా చాలామందికి తెలియదు. రెండు భాషలు కలిపి రోజూ పలుకుతున్నారంతే. మా పేరును కూడా అట్లా పలికే నోళ్ళు కావాలి మాకు. అలాంటి నోళ్ళు కొన్ని ఉన్నా, గది అడగడానికి వెళ్ళినప్పుడు పేరు చివర్లో కాక మొదట్లోనే చెప్పగలం.